ఉతికిన దుప్పటి

నేను ఏళ్ళుగా మోస్తున్న బరువు తూకం వేస్తే రెండు కిలోలు కూడా ఉండదు. అదొక చిన్నపిల్లల దుప్పటి. లేత పసుపు రంగు, మధ్యలో పడుకున్న జింకపిల్ల బొమ్మ, చేత్తో నిమిరితే పిల్లి వీపులా మెత్తని నూగు. అది ఇప్పుడు నా దగ్గర లేదు. చేరాల్సిన ఇంటికే చేరింది. చేరింది కదా, ఇంకేమిటి బరువు అని మీరు అడగవచ్చు. నేనూ చాలాకాలం అదే అనుకుంటూ వచ్చాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పగలిగిన ఇద్దరిలో ఒకరికి తెలుసు. రెండో మనిషికి తెలియకూడదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాది గోదావరి జిల్లా. ఇంటర్ దగ్గర చదువు ఆగింది. ఆ తర్వాత నేను చదివినదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనూ, ఇక్కడికి, ఖతార్‌కు వచ్చాక దోహాలోని పెద్ద లైబ్రరీలోనూ చదివిందే. శుక్రవారం మధ్యాహ్నం తోటివాళ్ళు కార్నిష్ సముద్రపు ఒడ్డుకు పోతుంటే నేను బస్సెక్కి లైబ్రరీకి పోయేవాణ్ణి. యూరప్ మీద అక్కడున్న పుస్తకాలు దాదాపు అన్నీ తిరగేశాను. రోమన్ల కమానుకీ, తర్వాత వచ్చిన మొనదేలిన కమానుకీ తేడా నాకు తెలుసు. ప్రాగ్‌లోని రాతి వంతెన మీద విగ్రహాలు ఏ వరసలో ఉంటాయో చూడకముందే తెలుసు. ఇది గొప్ప చెప్పుకోవడమే. ఇంత చదివి చూడకుండా చచ్చిపోతానేమో అని భయం ఉండేది. ఆ భయం వల్లనే ఇదంతా జరిగింది.

అప్పుడు నేను అల్ ఘర్రాఫాలో విల్లాలు కడుతున్న సైటుకు స్టోర్ కీపర్ని. క్యాంపులో మా గదికి నలుగురం. నా పక్క మంచం మల్లేశ్‌ది. నిర్మల్ దగ్గరి పల్లె. టైల్స్ మేస్త్రీ. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయే మనిషి. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, ఆశ వదులుకున్నాక, అతనికి కూతురు పుట్టింది. కబురు వచ్చిన రోజు క్యాంపు మొత్తానికి ఖర్జూరాలు పంచాడు. వెళ్ళి చూడటానికి లీవు లేదు. రెండేళ్ళ దాకా రాదు.

నాకు అదే వారంలో లీవు మొదలవుతోంది. మా క్యాంపులో లీవు అంటే ఇంటికి అనే అర్థం, ఇంకో అర్థం లేదు. నెల రోజుల్లో మొదటి సగం యూరప్ తిరిగి, మిగతా సగం ఇండియాలో ఉండాలని నేను వేసుకున్న పథకం ఎవరికీ చెప్పలేదు. వీసా కోసం కంపెనీ నుంచి కాగితం ఇచ్చిన ఆఫీసాయనకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన మా క్యాంపు వైపే రాడు. ఇంట్లో అక్కకు లీవు ఆలస్యంగా మొదలవుతుందని చెప్పాను. ఎందుకు దాచాను? పక్కమంచం మనిషి కూతుర్ని చూడలేక కుమిలిపోతుంటే, నేను వంతెనలు చూడటానికి పోతున్నానని ఎలా చెప్పను? సిగ్గు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుతో పాటు ఇంకొకటి కూడా ఉంది. ఎవరైనా "అన్నా, ఆ డబ్బుతో..." అని మొదలుపెడితే నా దగ్గర జవాబు లేదు.

లీవుకు పోయే మనిషి చేతికి పార్సిల్ ఇవ్వడం ఇక్కడ అడగాల్సిన విషయం కాదు. ఇస్తారు, తీసుకుంటాం. రేపు మన పార్సిల్ ఇంకొకరు మోస్తారు. సామాను నిండిపోయిందని చెప్పి మిగతావాళ్ళను తప్పించుకున్నాను. మల్లేశ్‌ను తప్పించుకోలేకపోయాను.

అతను దుప్పటి కొన్న రోజు నుంచే అది నేను చూస్తున్నాను. అది అతనికి మోకాళ్ళ దాకా కూడా రాదు. అయినా వారం రోజులు అదే కప్పుకొని పడుకున్నాడు. గదిలో పెద్దవాడు, నిజామాబాద్ గంగన్న, ఏడిపించేవాడు.

"స్నానం చెయ్యకురా మల్లిగా, వాసన ఇంక గట్టిగ పడ్తది. ఆ వాసనకు పిల్ల ఏడ్సుడు కాదు, ఊరే ఖాళీ చేస్తది."

మల్లేశ్ కళ్ళు మూసుకుపోయేలా నవ్వేవాడు. నేను బయలుదేరే రోజు దుప్పటిని మడిచి, కవరులో పెట్టి, నా రెండు చేతుల్లో పెట్టాడు.

"అన్నా, ఇది కొత్తది కాదు. నేను కప్పుకొని పండుకున్న. బిడ్డ నన్ను చూడలే. నా వాసనన్న చూడాలె గదా. తొట్టెలకు అందాలె అన్నా. దీని మీదనే పండవెట్టి తొట్టెల ఏస్తరు."

తొట్టెల అంటే వాళ్ళ వైపు ఇరవై ఒకటో రోజున బిడ్డను ఊయలలో వేసే వేడుక. మనసులోనే లెక్క వేసుకున్నాను. నా టికెట్ల ప్రకారం అందదు. "అందుతుందిలే మల్లేశ్" అన్నాను. నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

దుప్పటిని దోహాలోనే దాచి వెళ్ళవచ్చు కదా? ఐన్ ఖాలిద్‌లో మా జిల్లా కుటుంబం ఒకటి ఉంది. అక్కడ పెట్టవచ్చు. వాళ్ళు అందరితో మాట్లాడతారు, విషయం బయటపడుతుందని భయపడ్డాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. పూర్తి నిజం ఇది కాదు. అది చలికాలం. నా దగ్గర మంచి కోటు లేదు. చవక హాస్టళ్ళలో దుప్పటికి విడిగా అద్దె తీసుకుంటారని చదివాను. కవరు అందుకుంటున్నప్పుడే, అతను బిడ్డ సంగతి చెబుతున్నప్పుడే, ఇది చలికి పనికొస్తుంది అన్న ఆలోచన నాకు వచ్చి పోయింది. అది వచ్చిందని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

బుడాపెస్ట్‌లో దిగాను. వీపుకు ఒక సంచి, దాని కింద తాడుతో కట్టిన దుప్పటి. ఆ పదిహేను రోజులూ నా జీవితంలో నేను మెలకువగా గడిపిన రోజులు. ఈ మాట దాచలేను. తప్పు చేసినవాడు ఆ తప్పు జరిగిన చోటును అసహ్యించుకోవాలేమో, నాకు అది చేతకాలేదు. తినడం బ్రెడ్డూ అరటిపండ్లూ. తిరగడం కాళ్ళతో. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అన్నిటికంటే చవక బస్సు. వంతెన మధ్యలో నిలబడి నదిని చూస్తే నీళ్ళు ఉక్కు రంగులో ఉన్నాయి, రెండు ఒడ్డుల మీదా గోపురాలు. నేను చదివినవే. కానీ పుస్తకంలో గాలి ఉండదు. చర్చి గోడను చేత్తో తాకితే చల్లగా, గరుకుగా, తడిగా ఉంది. ఈ రాయిని చెక్కినవాడు ఎన్నో తరాల కిందట అన్నం తిన్న చేతులతోనే చెక్కాడు కదా అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

మొదటిసారి దుప్పటి విప్పింది అక్కడి హాస్టల్లో. కప్పుకోగానే మల్లేశ్ వచ్చాడు. అలాగే అనిపించింది. కొబ్బరినూనె, జండూబామ్, ఎంత కడిగినా పోని సిమెంటు, మా గదిలోని మసాలా. తెలియని మనుషుల మధ్య పై మంచం మీద, భాష రాని ఊళ్ళో, నాకు ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను. హాయిగా నిద్రపోయాను. ఆ వాసన ఒక పసిబిడ్డది. దాన్ని నేను వాడుకున్నాను.

వియన్నాలో పాతకాలపు రాజుల గ్రంథాలయం ఒకటుంది. లోపలికి టికెట్. రెండు పూటలు తినకుండా ఉండి కొన్నాను. సంచులు బయట ఇవ్వాలి. ఆ కౌంటరులో ఒక పెద్దావిడ నా దుప్పటిని రెండు చేతులతో, ఎవరిదో ఖరీదైన కోటు అందుకున్నట్టు అందుకుంది. జింకపిల్ల బొమ్మ చూసి చిరునవ్వు నవ్వి ఏదో అడిగింది. బిడ్డ ఉందా అని అడిగిందనుకున్నాను. అవునని తల ఊపాను. ఎందుకు ఊపాను?

లోపలికి వెళ్ళాక అన్నీ మరిచిపోయాను. తల వెనక్కి వాల్చినా పుస్తకాలే. గోధుమరంగు తోలు అట్టలు, బంగారు గీతలు, అరల మధ్య నిచ్చెనలు, పైన గుమ్మటంలో రంగుల ఆకాశం. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒకే బల్ల ఉండేది, ఒక కాలి కింద ఇటుక. ఆ బల్ల నన్ను ఇంతదూరం తీసుకొచ్చింది. నాకు కన్నీళ్ళు వచ్చాయి. అక్కడున్న కాపలాదారు నన్ను చూసి మర్యాదగా పక్కకు తిరిగాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని దుప్పటి భుజాల మీదుగా కప్పుకున్నాను. ఫోనులో మల్లేశ్ పంపిన మాట ఉంది. ఇంటికి చేరగానే జ్వరం తగిలిందని, తగ్గగానే నిర్మల్ వెళ్తానని అతనికి అంతకుముందే అబద్ధం చెప్పాను. అతని గొంతు వెనక సైటు చప్పుడు వినిపిస్తోంది.

"అన్నా, జరం తగ్గిందా? పైలం. తొట్టెల పోతే పోయింది గని, నువ్వు మంచిగుండు. మా బామ్మర్దిని పంపుతా, పండ్లు గిట్ల తెస్తడు. ఏ ఊరో చెప్పు."

అతని దుప్పటి నా భుజాల మీద ఉంది. అతని గొంతు నా చెవిలో ఉంది. నాకు ఎదురుగా ఉన్నవన్నీ చలువరాతి విగ్రహాలు. వాటి బట్టల మడతల్ని ఎంత నేర్పుగా చెక్కారో నేను అప్పుడూ గమనించాను. ఇలాంటి మనిషిని ఏమంటారు? నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడైనా ఉండే ఉంటాడు.

వద్దు, తగ్గిపోతోంది అని జవాబు పెట్టాను. ప్రాగ్ వెళ్ళాను. పొద్దున్నే మంచులో ఆ రాతి వంతెన మీద విగ్రహాల్ని వరసగా గుర్తుపట్టాను. ఒక్కటి కూడా తప్పలేదు.

తిరిగి బుడాపెస్ట్ వచ్చే బస్సులో పక్కసీటు విద్యార్థి చేతిలోని బీరు డబ్బా ఒలికింది. సరిగ్గా జింకపిల్ల మీద. పాపం, ఎన్నోసార్లు క్షమాపణ అడిగాడు, తన మఫ్లరుతో తుడిచాడు. తప్పు అతనిది కాదు. బీరు కంపు కొట్టే దుప్పటిని పసిబిడ్డ ఇంటికి తీసుకెళ్ళలేను. బస్టాండు దగ్గర నాణేలు వేస్తే బట్టలు ఉతికే యంత్రాల దుకాణం కనిపించింది. వాడే పద్ధతి ఇంగ్లీషులో రాసిన పలక మొత్తం చదివాను. అంత శ్రద్ధగా చదివాను. చల్లనీళ్ళు, నెమ్మది తిప్పుడు, పూలవాసన సబ్బు. గుండ్రని అద్దంలోంచి పసుపురంగు తిరగడం చూస్తూ, ఎంత బాగా చేశారు ఈ యంత్రాన్ని అనుకున్నాను. మచ్చలు లేకుండా, కొత్తదానిలా ఇస్తానని సంతోషపడ్డాను కూడా.

ఆరబెట్టాక వేడిగా చేతిలోకి తీసుకున్నాను. ఆ పదిహేను రోజుల అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది.

మల్లేశ్ లేడు. ఏవో పూలున్నాయి, నేను ఎన్నడూ చూడని పూలు. లోపలి మడతల్లో వెతికాను. అంచు కుట్టు దగ్గర వెతికాను. ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ దుకాణంలో అందరి ముందూ పిచ్చివాడిలా వెతికాను. అది దుప్పటి కాదు, ఒక తండ్రి కూతురికి పంపుకున్న మొదటి మాట అని అతను నాకు స్పష్టంగా చెప్పాడు. నేను విన్నాను. విని, శుభ్రం చేశాను. ఇంత చదివినవాణ్ణి, నాకెలా తట్టలేదు? తట్టకపోవడం పొరపాటా? పొరపాటే అయితే, దాని కోసం నేను చెప్పిన అబద్ధాలు కూడా పొరపాట్లేనా?

హైదరాబాద్‌లో దిగి నేరుగా నిర్మల్ బస్సెక్కాను. తొట్టెల అయిపోయి కొన్ని రోజులైంది. మల్లేశ్ భార్య సుజాత వసారాలో కూర్చుని ఉంది. బిడ్డ చీర ఊయలలో నిద్రపోతోంది. అత్తగారు చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. సుజాత కవరు విప్పింది. ముందు బొమ్మ చూడలేదు, నూగు చూడలేదు. దుప్పటిలో మొహం దాచుకుంది. చాలాసేపు అలాగే ఉంది. మొహం ఎత్తినప్పుడు నన్ను చూసిన చూపులో కోపం లేదు. అర్థం కాకపోవడం ఉంది.

"పిండిన్రా అన్నా దీన్ని?"

"దారిలో కొంచెం మురికైందమ్మా."

"మన దిక్కు సబ్బు కాదిది. ఏడేడ తిరిగచ్చింది అన్నా ఇది?"

అంతలో సుజాత ఫోను మోగింది. మల్లేశ్. వీడియోలో అతని మొహం, వెనక గంగన్న తల కూడా.

"అచ్చిందా?"

"అచ్చింది."

"వాసన చూసినవా? ఏమస్తుంది?"

నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఏమస్తది? సిమెంటు, జండూబాం, నీ కొబ్బరినూనె. పిల్ల తుమ్ముతున్నది. స్నానం చేస్తలేవా ఏంది ఆడ?"

"గంగన్న గదే అన్నడు!" అని అతను నవ్వాడు. కళ్ళు మూసుకుపోయాయి. ఫోను పక్కకు తిప్పి వెనకున్న వాళ్ళందరికీ అదే చెప్పాడు. తన వాసన పిల్లకు తెలిసిందట, తుమ్ముతున్నదట. ఆమె నవ్వుతూనే ఉంది, ఫోను పట్టుకోని చేత్తో దుప్పటిని నలుపుతూ.

నేను బయలుదేరుతుంటే గేటు దాకా వచ్చింది.

"అన్నా, పిండిన సంగతి ఆయనకు చెప్పకుండ్రి. వారం దినాలు కప్పుకొని పన్నడు మనిషి."

"చెప్పనమ్మా."

అంతే. ఎక్కడ తిరిగిందని మళ్ళీ అడగలేదు. నేను చూసిన గోపురాలన్నిటికంటే ఎత్తుగా నిలబడింది ఆ మనిషి, ఆ ఇనుప గేటు దగ్గర. ఇది నేను అందంగా రాయాలని రాసిన వాక్యం కాదు. అప్పటికప్పుడు అనిపించింది.

ఆమెకిచ్చిన మాట వల్లనే మల్లేశ్‌కు చెప్పలేదని నాకు నేను చెప్పుకుంటాను. చెబితే ఆమె ఆడిన అబద్ధం కూడా బయటపడుతుంది, నిజమే. కానీ ఆ మాట నాకు అడ్డుగోడా, దాక్కునే చోటా? ఆమె అడగకపోయినా నేను చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు.

రెండేళ్ళకు మల్లేశ్ లీవుకు వెళ్ళి వచ్చాడు. గదిలో అందరి ముందూ నవ్వుతూనే చెప్పాడు. పిల్ల పది రోజుల దాకా దగ్గరికి రాలేదట. ఎత్తుకోబోతే ఏడ్చి, పరుగెత్తి దుప్పటి తెచ్చుకుని, దాన్ని పట్టుకుని "ఇది నాయిన" అన్నదట. దుప్పటి కప్పేటప్పుడల్లా "మీ నాయినే" అని తల్లి నేర్పింది.

"మా నిత్యకు దుప్పటే నాయిననట అన్నా, నేనెవనో పరాయోణ్ణట!"

అందరూ నవ్వారు. గంగన్న కూడా, తన కొడుకు మొదటిసారి తనను చూసి మంచం కింద దూరాడని గుర్తు చేశాడు. గల్ఫ్‌లో ఉన్న తండ్రులందరికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఆ వాసన ఉండి ఉంటే ఆ పిల్ల అతని దగ్గరికి మొదటిరోజే వచ్చేదా? రెండేళ్ళ దాకా ఏ వాసన మిగులుతుంది? తెలియదు. తెలియదు అన్న మాట నాకు ఎన్నోసార్లు ఊరటనిచ్చింది. ఆ ఊరట నాకు దక్కవలసినది కాదు. వాసన లేకపోయినా ఆ తల్లి దుప్పటికి తండ్రిని అంటగట్టింది. నేను తీసేసింది ఆమె మాటలతో మళ్ళీ నింపింది.

ఆ యూరప్ ప్రయాణం గురించి ఆ ఆఫీసాయనకు తప్ప ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నేను తీసిన ఫోటోలు ఎవరికీ చూపలేదు. లైబ్రరీలో ఎవరైనా ఆ ఊళ్ళ మాట ఎత్తితే చదివాను అంటాను, చూశాను అనను. అదొక శిక్ష అనుకోవడం కూడా గొప్పకే.

ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నాను? మల్లేశ్ ఇప్పుడు మదీనత్ అల్ షమాల్ సైటులో ఉన్నాడు. నాకు లీవు వచ్చిందని తెలిసి పోయిన శుక్రవారం అంతదూరం నుంచి బస్సులో వచ్చాడు. వీపుకు గులాబీరంగు స్కూలు బ్యాగు. చిన్నపిల్లల బ్యాగు. పట్టీలు అతని భుజాల మీదికి సగం దాకా కూడా రాలేదు. బస్సులో అందరూ నవ్వి ఉంటారు. అతను ఎప్పుడూ ఇలాగే, ఇవ్వాల్సినదాన్ని ముందు తన ఒంటికి తగిలించుకుంటాడు.

"అన్నా, దుప్పటి నువ్వే ఇచ్చినవ్. ఇది గూడ నీ చేతుల మీదనే పోవాలె. నువ్వైతే భద్రంగ చేరుస్తవ్."

రెండు చేతులా తీసుకున్నాను. ఈసారి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నోరు తెరిచాను. ఆ కళ్ళు మూసుకుపోయే నవ్వు చూసి మళ్ళీ మూశాను.

బ్యాగు నా మంచం పక్కన మేకుకు వేలాడుతోంది. నేరుగా తీసుకెళ్తాను. తీసుకెళ్ళినంత మాత్రాన పాత బాకీ తీరదని నాకు తెలుసు. సుజాత నన్ను క్షమించిందో లేదో తెలియదు, అడిగే హక్కు లేదు. మల్లేశ్ నన్ను క్షమించలేడు, ఎందుకంటే అతని లెక్కలో నేను తప్పే చేయలేదు. మీరూ క్షమించవద్దు. ఒక్కసారి విన్నారు, చాలు.

ఇన్నేళ్ళలో ఈ వాక్యాన్ని మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. మురికైంది, తడిసింది, ఉతకాల్సి వచ్చింది, ఇలాగే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు అనగలుగుతున్నాను.

ఆ దుప్పటిని ఉతికింది నేను.